ముసుగు లేని జంట క్వాసార్లు

ఎస్‌డీఎస్‌ఎస్ జె1254+0846. చూడ్డానికి బండి నంబరు ప్లేటులా ఉంది కానీ నిజానికి ఇదొక చిరునామా. స్లోన్ డిజిటల్ స్కై సర్వేలో దొరికింది, ఆకాశపటంలో 12 గంటల 54 నిమిషాల దగ్గర, ఖగోళ మధ్యరేఖకు 8 డిగ్రీల 46 నిమిషాలు ఉత్తరంగా ఉంది అని దాని అర్థం. మన లెక్కలో చెప్పుకుంటే కన్యారాశి తారామండలంలో, చిత్త నక్షత్రానికి బాగా ఉత్తరాన.

కంటితో చూస్తే అక్కడ ఏమీ ఉండదు. చిలీలోని మాగెలాన్ టెలిస్కోప్ తీసిన చిత్రంలో మాత్రం పక్కపక్కనే రెండు చుక్కలు, వాటి నుంచి చెరోవైపుకు సాగిన పొడవాటి తోకలు కనపడతాయి. ఆ చుక్కలు రెండూ క్వాసార్లు, అంటే గెలాక్సీల నడిబొడ్డున విపరీతంగా వెలిగే కేంద్రాలు. ఆ తోకలు ఢీకొంటున్న రెండు గెలాక్సీలవి. ఆ వెలుగు అక్కడ బయల్దేరి 460 కోట్ల ఏళ్లయింది. దాదాపు అదే కాలంలో మన సూర్యుడూ భూమీ రూపుదిద్దుకుంటున్నాయి.

హార్వర్డ్-స్మిత్సోనియన్ ఖగోళ భౌతిక కేంద్రానికి చెందిన పాల్ గ్రీన్ బృందం ఈ జంటను చంద్ర ఎక్స్‌రే టెలిస్కోప్‌తో పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించింది. విలీనమవుతున్నట్టు స్పష్టంగా తెలుస్తున్న గెలాక్సీల్లో, ఇంత కాంతివంతమైన రెండు క్వాసార్లు విడివిడిగా వెలుగుతూ పట్టుబడటం అదే మొదటిసారి. పత్రికల్లో వచ్చింది ఈ వార్తే. నన్ను ఆపింది మాత్రం ఆ పరిశోధనా పత్రంలోని ఇంకో వాక్యం. ఆ రెండు క్వాసార్లలో దేనికీ చెప్పుకోదగ్గ వాయువు ముసుగు గానీ ధూళి ముసుగు గానీ లేదట. అప్పటికి రెండు దశాబ్దాలుగా చెప్పుకుంటున్న కథ ప్రకారం ఈ దశలో అవి ముసుగులోనే ఉండాలి.

ఆ కథ ఏమిటో, అందులో ఎక్స్‌రే పాత్ర ఏమిటో తెలియాలంటే ముందు క్వాసార్ దగ్గరికే వెళ్లాలి.

1963లో మార్టెన్ ష్మిట్ అనే ఖగోళ శాస్త్రవేత్త 3సీ 273 అనే వస్తువు వర్ణపటాన్ని చూసి తల పట్టుకున్నాడు. కేంబ్రిడ్జి వాళ్ల మూడో రేడియో జాబితాలో అది 273వది. ఇది కూడా కన్యారాశి మండలంలోదే. ఫోటోలో మామూలు నక్షత్రంలా ఉంది, వర్ణపటంలోని గీతలు మాత్రం తెలిసిన ఏ మూలకానికీ సరిపోవడం లేదు. చివరికి అవి హైడ్రోజన్ గీతలేననీ, దాదాపు 16 శాతం ఎరుపు వైపుకు జరిగిపోయాయనీ తట్టింది. అంత జరిగాయంటే ఆ వస్తువు మన గెలాక్సీలోది కానే కాదు. దాని కాంతి 200 కోట్ల ఏళ్లకు పైగా ప్రయాణించి వచ్చింది. అంత దూరం నుంచి నక్షత్రంలా కనపడుతోందంటే దాని అసలు వెలుగు ఎంతో ఊహించుకోండి.

ఆ వెలుగుకు మూలం గెలాక్సీ నడిబొడ్డున ఉన్న బ్లాక్‌హోల్. బ్లాక్‌హోల్ వెలగదు, దానిలో పడబోతున్న వాయువు వెలుగుతుంది. సుడి తిరుగుతూ, రాసుకుంటూ, లక్షల డిగ్రీలకు వేడెక్కి, పడిపోయే ముందు తన శక్తిలో కొంత బయటికి వదిలేస్తుంది. సూర్యుడిలో హైడ్రోజన్ హీలియంగా మారినప్పుడు శక్తి అయ్యేది ఆ ద్రవ్యరాశిలో 0.7 శాతమే. బ్లాక్‌హోల్‌లో పడేదానిలో దాదాపు 10 శాతం శక్తిగా మారగలదు. అంటే ఏడాదికి ఒక సూర్యుడంత పదార్థం అందితే చాలు, లక్ష కోట్ల సూర్యుళ్లను మించిన వెలుగు వస్తుంది.

చిక్కంతా ఆ మేత అందడం దగ్గరే ఉంది. గెలాక్సీలో వాయువుకు కొదవ లేదు, కానీ అది కేంద్రంలోకి పోదు. గానుగెద్దులా తన దారిలో తాను చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరుగుడు వేగం, అంటే కోణీయ ద్రవ్యవేగం, ఎవరో ఒకరు లాక్కుంటే తప్ప లోపలికి జారదు. మన పాలపుంత నడుమ కూడా 40 లక్షల సూర్యుళ్లంత బరువున్న బ్లాక్‌హోల్ ఉంది, దాదాపు పస్తులతో నిద్రపోతోంది.

మరి ఆ వేగాన్ని లాక్కునేది ఎవరు? ఇక్కడికే గెలాక్సీల ఢీ వస్తుంది. ఢీ అంటే లారీలు గుద్దుకోవడం లాంటిది కాదు. నక్షత్రాల మధ్య దూరాలు ఎంత ఎక్కువంటే, రెండు గెలాక్సీలు ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోయినా నక్షత్రాలు ఒకదానికొకటి తగలవు. వాటి గురుత్వాకర్షణ మాత్రం సముద్రానికి ఆటుపోట్లు తెచ్చినట్టు ఒకదాన్నొకటి సాగదీస్తుంది. ఆ తోకలు అలా వచ్చినవే. 1972లో అలార్ టూమ్రే, యూరీ టూమ్రే అనే అన్నదమ్ములు అప్పటి చిన్నపాటి కంప్యూటర్ మీదే ఈ తోకలను పుట్టించి చూపించారు. నక్షత్రాలు తప్పించుకుంటాయి గానీ వాయువు తప్పించుకోలేదు. మేఘాలు మేఘాలను గుద్దుకుంటాయి, తిరుగుడు చెడుతుంది, వాయువు కుప్పలుగా కేంద్రానికి జారుతుంది. గానుగెద్దుకు కాడి తెగినట్టే.

1983లో ఐరాస్ ఉపగ్రహం పరారుణ కాంతిలో ఆకాశమంతా వెతికి, ధూళితో కప్పుకుపోయి విపరీతంగా వెలుగుతున్న గెలాక్సీలను బయటపెట్టింది. చాలామట్టుకు అవి విలీనంలో ఉన్నవే. 1988లో డేవిడ్ శాండర్స్ బృందం వీటన్నిటినీ ఒక వరసలో పెట్టింది. ముందు ఢీ. తర్వాత వాయువు లోపలికి పడి, కొత్త నక్షత్రాలు పుట్టి, అంతా ధూళిలో మునిగిన దశ. ఆ ధూళి వెనకే బ్లాక్‌హోల్ మేస్తూ పెరుగుతుంది. చివరికి దాని వెలుగు తాకిడికే ధూళి చెదిరిపోయి, లోపలున్న క్వాసార్ బయటపడుతుంది. చాలా అందమైన కథ. అయితే ఇందులోని అసలు అంకం తెర వెనకే జరిగిపోతుంది. మామూలు టెలిస్కోప్ ఆ తెరను దాటి చూడలేదు.

ఎక్స్‌రే అవసరం ఇక్కడే పడింది.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీయించుకున్నప్పుడు ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. ఒకవైపు యంత్రం, మరోవైపు ఫిలిం, మధ్యలో మనం. కిరణాలు కండను దాటిపోతాయి, ఎముక దగ్గర ఆగిపోతాయి. ఆగిన చోటే నీడ. క్వాసార్ విషయంలో యంత్రం బ్లాక్‌హోల్ పక్కనే ఉంది. సుడి తిరిగే వాయువు పళ్లేనికి దగ్గర్లో కరోనా అనే అతివేడి ఎలక్ట్రాన్ల మబ్బు ఉంటుంది. (2020 తర్వాత ఈ మాట వాడాలంటే ఒక్క క్షణం తటపటాయించాల్సి వస్తోంది.) పళ్లెం నుంచి వచ్చే అతినీల కాంతికి ఈ ఎలక్ట్రాన్లు శక్తిని జోడించి ఎక్స్‌రేలుగా మారుస్తాయి. మధ్యలో ఉన్న రోగి ఆ గెలాక్సీలోని వాయువు. ఫిలిం భూమి చుట్టూ తిరిగే టెలిస్కోప్‌లో ఉంది.

కిరణాలన్నీ ఒకేలా ఆగవు. ఎక్స్‌రేల శక్తిని కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో కొలుస్తారు. శక్తి తక్కువున్నవి, అంటే ఒకటి రెండు కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌లవి, పల్చటి వాయువుకే ఆగిపోతాయి. పది దాటినవి చాలా తెరలను చీల్చుకు వస్తాయి. కాబట్టి క్వాసార్ వర్ణపటంలో తక్కువ శక్తి వైపు ఎంత భాగం మాయమైందో చూస్తే చాలు, దారిలో ఎంత వాయువు అడ్డుందో లెక్క తేలుతుంది. ఒక చదరపు సెంటీమీటరు దారిలో అడ్డొచ్చే హైడ్రోజన్ పరమాణువులు 1 పక్కన 24 సున్నాలు దాటాయంటే ముసుగు చాలా మందం. అప్పుడు నేరుగా వచ్చే కిరణాలు పదికి దిగువన దాదాపుగా అందవు. చుట్టుపక్కల వాయువు మీద పడి తిరిగొచ్చిన కిరణాలే మిగులుతాయి, వాటిలో 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర ఇనుము పరమాణువుల గీత నిక్కబొడుచుకుని కనిపిస్తుంది. ఆ గీత బలంగా ఉందంటే లోపల ఎవరో ఉన్నారన్నమాట. తలుపు మూసి ఉన్నా కింది సందులోంచి దీపం వెలుగు తెలిసినట్టు.

దూరపు క్వాసార్ల విషయంలో విశ్వమే ఒక సాయం చేస్తుంది. విశ్వం విస్తరిస్తున్నందువల్ల దారిలో కిరణాల శక్తి తగ్గిపోతుంది. ఈ ఎరుపు జరుగుడు కొలతే రెడ్‌షిఫ్ట్. అది 2 ఉందంటే శక్తి మూడో వంతుకు పడిపోయినట్టు. అలాంటి క్వాసార్ దగ్గర 24 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌లతో బయల్దేరిన కిరణం మన దగ్గరికి 8 దగ్గర చేరుతుంది. చంద్ర టెలిస్కోప్ పట్టగలిగేది కూడా సుమారు అంతవరకే. దగ్గరి గెలాక్సీల్లో చంద్రకు అందని, ముసుగు చీల్చే కిరణాలు దూరపు వాటిలో తమంత తామే దాని పరిధిలోకి దిగివస్తాయి. బదులుగా మనం చెల్లించేది ఫోటాన్ల కరువు. ఒక్కో దూరపు మూలం నుంచి గంటల కొద్దీ చూస్తే పదుల సంఖ్యలో ఫోటాన్లు వచ్చినా సంబరమే. ఆకాశంలో ఒకే చిన్న ముక్కను చంద్ర మొత్తం 70 లక్షల సెకన్లు, అంటే సుమారు 81 రోజులు చూసి, అందులో దాదాపు వెయ్యి మూలాలను లెక్కబెట్టింది.

ఎక్స్‌రేలను మన వాతావరణం నేల దాకా రానివ్వదు. బతికి ఉన్నందుకు సంతోషించాల్సిన విషయమే, ఖగోళ శాస్త్రానికి మాత్రం తలనొప్పి. 1962 జూన్‌లో రికార్డో జకోనీ బృందం చంద్రుడి మీంచి ఎక్స్‌రేలు వస్తాయేమో చూద్దామని చిన్న రాకెట్ ఎగరేసింది. అది కొన్ని నిమిషాలు పైన ఉండి దిగే లోపు వృశ్చిక మండలం వైపు ఒక గట్టి మూలమూ, ఆకాశమంతా పరుచుకున్న ఒక మసక వెలుగూ దొరికాయి. జకోనీకి 2002లో నోబెల్ వచ్చింది. ఆ మసక వెలుగు మాత్రం దశాబ్దాల పాటు ఎవరికీ కొరుకుడు పడలేదు. ఇప్పుడు మనకు తెలిసిందేమంటే, అది కోట్ల కొద్దీ దూరపు బ్లాక్‌హోల్స్ కలిసి వేసే వెలుగు. అది అన్నిటికన్నా బలంగా ఉండేది 30 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర. అంతటి బలానికి మామూలు క్వాసార్లు సరిపోవు, ముసుగేసుకున్నవి బోలెడు ఉంటేనే లెక్క కుదురుతుంది.

ఎక్స్‌రేలకు మామూలు అద్దం పనికిరాదు, ఎదురుగా తగిలితే అవి అందులో ఇంకిపోతాయి. చెరువులో పెంకు విసిరితే నీటిని రాసుకుంటూ ఎగిరిపోతుందే, అలా అద్దాన్ని ఒరుసుకుంటూ పోయేలా చెయ్యాలి. అందుకే చంద్రలోని అద్దాలు పళ్లేల్లా కాక, ఒకదానిలో ఒకటి దూర్చిన గొట్టాల్లా ఉంటాయి, పైన ఇరీడియం పూత. 1999 జులై 23న కొలంబియా షటిల్‌లో పైకి వెళ్లింది. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టారన్నది చాలామందికి తెలుసు. ఆయన తాతగారు విశాఖపట్నంలోని ఏవీఎన్ కాలేజీలో లెక్కలూ భౌతికశాస్త్రమూ చెప్పేవారనీ, చిన్నాన్న సీవీ రామన్ బడి చదువు విశాఖలోనే సాగిందనీ తెలిసినవాళ్లు తక్కువ. ఈ టెలిస్కోప్ గొప్పతనం చూపు పదును. అర ఆర్క్‌సెకను, అంటే డిగ్రీలో 7200వ వంతు తేడాను పట్టుకుంటుంది. జంట క్వాసార్లను రెండుగా విడదీయడానికి కావలసింది అదే.

దాని మొదటి పెద్ద జంట దొరికింది మనకు కాస్త దగ్గర్లోనే. 40 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఎన్‌జీసీ 6240 అనే గెలాక్సీ సీతాకోకచిలుకలా చెదిరిపోయి ఉంటుంది. లోపల రెండు కేంద్రకాలున్నాయని ముందే తెలుసు. వాటిలో చురుకైన బ్లాక్‌హోల్ ఏదన్నదే ప్రశ్న. 2002లో స్టెఫానీ కొమోసా బృందం చంద్ర చిత్రాలను చూపిస్తూ రెండూ చురుగ్గానే ఉన్నాయని తేల్చింది. రెండిట్లోనూ ఇనుము గీత ఉంది, రెండూ దట్టమైన ముసుగులోనే ఉన్నాయి. వాటి మధ్య దూరం సుమారు 3 వేల కాంతి సంవత్సరాలు. శాండర్స్ కథకు ఇంతకన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది?

అయితే ఒక జంటను చూసి కథ నిజమనలేం. పెళ్లి గ్రూప్ ఫోటోలో పసిపిల్లలూ, కుర్రాళ్లూ, ముసలివాళ్లూ అందరూ ఉంటారు. దాన్ని చూసి మనిషి జీవితం ఎలా సాగుతుందో ఊహించాలంటే చాలామంది కావాలి, ఎవరి వయసెంతో సరిగ్గా పోల్చుకోవాలి. గెలాక్సీలతోనూ అంతే. ఒక్క విలీనానికే వంద కోట్ల ఏళ్లు పట్టొచ్చు, మనకు దొరికేది ఒక్కో దాని ఒక్కో ఫోటో.

లెక్కలు తీస్తే కథ తిరగబడింది. 2011లో మౌరిసియో సిస్టెర్నాస్ బృందం, ఎక్స్‌రేల సాయంతో ఎంపిక చేసిన చురుకైన బ్లాక్‌హోల్స్ ఉన్న 140 గెలాక్సీలను హబుల్ చిత్రాల్లో చూసింది. 85 శాతానికి పైగా వాటిలో ఢీకొన్న ఆనవాళ్లు బలంగా లేవు. మామూలు గెలాక్సీలు ఎంత చెదిరి ఉన్నాయో ఇవీ అంతే. మరుసటి ఏడు డేల్ కోసెవ్‌స్కీ బృందం ఇంకా దూరంగా, రెడ్‌షిఫ్ట్ 2 దగ్గర చూసినా అదే తంతు, సగం దాకా చక్కటి పళ్లెం ఆకారంలో ఉన్న గెలాక్సీలే. ఢీకొనడానికీ బ్లాక్‌హోల్ మేతకూ సంబంధం లేదన్న శీర్షికలు అప్పుడు వచ్చాయి.

ఇక్కడ నాకు అనిపించేది ఏమిటంటే, రెండు వర్గాలూ వేరువేరు జనాభాను లెక్కపెడుతున్నాయి. కోసెవ్‌స్కీ, సిస్టెర్నాస్ చూసినవి ఎక్కువగా ఓ మోస్తరు వెలుగున్నవి. ఆ మాత్రం మేతకు గెలాక్సీ లోపలి చిన్నాచితకా కదలికలు చాలు, ఢీ అక్కర్లేదు. 2012లోనే ఎజెక్వియల్ ట్రైస్టర్ బృందం వెలుగును బట్టి విడదీసి చూసినప్పుడు, బాగా కాంతివంతమైన వాటిలోనే విలీనాల వాటా పెద్దదని తేలింది. రెండో సంగతి, ఆ ఎంపికకు వాడిన ఎక్స్‌రేలు ముసుగు మరీ దట్టంగా ఉన్నవాటిని సరిగా పట్టలేవు. మేత జోరుగా ఉన్న దశే ముసుగు దట్టంగా ఉన్న దశ కూడా అయితే, వెతికే పద్ధతే ఆ దశను జాబితాలోంచి తీసేసినట్టవుతుంది. మూడోది ఆలస్యం. ఢీకొన్న తర్వాత బ్లాక్‌హోల్‌కు మేత చేరేసరికి కోట్ల ఏళ్లు గడిచి, తోకలు వెలవెలబోయి ఉండొచ్చు.

దట్టమైన ముసుగు సంగతి తేల్చడానికి 2012 జూన్‌లో నూస్టార్ అనే మరో ఎక్స్‌రే టెలిస్కోప్ పైకి వెళ్లింది. దాని చూపు చంద్రంత పదును కాదు, కానీ 79 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దాకా చూస్తుంది. 2017లో క్లాడియో రిచీ బృందం నూస్టార్ సాయంతో విలీనంలో ఉన్న 30 గెలాక్సీలను చూసింది. విలీనం చివరి దశకు వచ్చిన వాటిలో, ఆ 24 సున్నాల హద్దు దాటిన మందమైన ముసుగున్న బ్లాక్‌హోల్స్ దాదాపు మూడింట రెండు వంతులు. 2018లో మైకేల్ కాస్ బృందం మరోవైపు నుంచి వచ్చింది. గట్టి ఎక్స్‌రేల ద్వారా దొరికిన ముసుగు బ్లాక్‌హోల్స్‌ను హవాయీలోని కెక్ టెలిస్కోప్‌తో పరారుణంలో చూస్తే, బాగా కాంతివంతమైన వాటిలో సుమారు 17 శాతం గెలాక్సీల్లో రెండు కేంద్రకాలు ఒకదానికొకటి చాలా దగ్గర్లో, కలిసిపోయే దశలో ఉన్నాయి. చురుకు లేని మామూలు గెలాక్సీల్లో ఇది ఒక్క శాతమే. హబుల్ చిత్రాల్లో కనపడకుండా పోయిన జంటలు ఇవే కావొచ్చు.

ఇవన్నీ మన ఇరుగుపొరుగు గెలాక్సీలు. అసలు క్వాసార్ల జాతర జరిగింది వెయ్యి కోట్ల ఏళ్ల కిందట, రెడ్‌షిఫ్ట్ 2 దగ్గర. అక్కడ చంద్ర చూపు కూడా ఆనదు. అంత దూరంలో అర ఆర్క్‌సెకను అంటే సుమారు 14 వేల కాంతి సంవత్సరాలు. అంతకంటే దగ్గరగా ఉన్న జంట ఒకే చుక్కగా కనిపిస్తుంది. అందుకే ఇక్కడ రకరకాల కళ్లు కలవాలి. ఐలాట్ గ్లిక్‌మన్ బృందం ధూళి వల్ల ఎర్రబడిన క్వాసార్లను ఎంచుకుంది, ముసుగు సగం తొలగిన దశలోవన్నమాట. రెడ్‌షిఫ్ట్ 2 దగ్గర అలాంటి 11ని హబుల్‌తో చూస్తే 8 విలీనంలో ఉన్నట్టు 2015లో తేలింది. 2023లో యూ-చింగ్ చెన్ బృందం జె0749+2255 అనే జంటను ప్రకటించింది. దాన్ని కనిపెట్టిన తీరు భలే ఉంటుంది. క్వాసార్లు వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉంటాయి. రెండు కలిసిపోయి ఒకే చుక్కలా ఉన్నప్పుడు, ఒకటి మినుకుమంటే ఆ చుక్క నడిబిందువు కాస్త పక్కకు జరిగినట్టు అవుతుంది. గాయా ఉపగ్రహం ఆ వణుకును పట్టింది. తర్వాత హబుల్, కెక్, రేడియో టెలిస్కోప్‌లు, చంద్ర కలిసి చూసి, సుమారు 10 వేల కాంతి సంవత్సరాల ఎడంతో రెండు క్వాసార్లున్నాయని నిర్ధారించాయి. ఆ వెలుగు బయల్దేరేనాటికి విశ్వం వయసు 300 కోట్ల ఏళ్లే.

జంటలా కనిపించేవన్నీ జంటలు కావు. 1979లో దొరికిన తొలి ‘జంట’ క్యూ0957+561 నిజానికి ఒకే క్వాసార్, మధ్యలో ఉన్న గెలాక్సీ గురుత్వాకర్షణ దాని బొమ్మను రెండుగా చూపించింది. తోకలు కనపడటం ఎంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. తోకలున్నాయంటే అక్కడ నిజంగా రెండు గెలాక్సీలు తగవులాడుకుంటున్నట్టే. మనవాళ్ల వంతు కూడా ఉంది. శ్రీహరికోట నుంచి 2015లో వెళ్లిన ఆస్ట్రోశాట్ అతినీల చిత్రాలను వాడుకుని, బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ పరిశోధకులు 2021లో ఎన్‌జీసీ 7733, 7734 జంట పక్కన మూడో చురుకైన బ్లాక్‌హోల్‌ను గుర్తించారు.

మళ్లీ జె1254 దగ్గరికి. రెండు క్వాసార్ల మధ్య దూరం సుమారు 70 వేల కాంతి సంవత్సరాలు, వేగాల్లో తేడా సెకనుకు 215 కిలోమీటర్లే. తోకలు రెండు లక్షల కాంతి సంవత్సరాలకు పైగా పరుచుకుని ఉన్నాయి. కంప్యూటర్ నమూనాల ప్రకారం ఈ గెలాక్సీలు మొదటిసారి ఒకదాన్నొకటి రాసుకుని పోతున్న దశలో ఉన్నాయి, కలిసిపోవడం ఇంకా చాలా దూరం. శాండర్స్ వరసలో చూస్తే క్వాసార్ బయటపడాల్సింది చిట్టచివర. ఇక్కడ మొదటి అంకంలోనే రెండూ వెలుగుతున్నాయి, చంద్ర వర్ణపటంలో తక్కువ శక్తి కిరణాలు పెద్దగా మాయం కాలేదు. రెండిట్లో ఎక్కువ వెలుగున్నది తన బరువుతో పోలిస్తే చాలా జోరుగా మేస్తోంది, ఆ కాలపు ఆ స్థాయి క్వాసార్లతో పోలిస్తే ఇది బాగా ఎక్కువ. రెండోది మాత్రం మామూలుగానే ఉంది.

అంటే శాండర్స్ కథ తప్పని కాదు. ఒకే దారి కాదని. గెలాక్సీలకు ముందే నడుమ గట్టి ఉబ్బు ఉంటే, మొదటి తోపులాటకే కొంత వాయువు జారి బ్లాక్‌హోల్‌ను లేపుతుంది. అసలైన వరద, దాంతోపాటే ముసుగు, కేంద్రకాలు దగ్గరయ్యాక వస్తాయి. జె1254 మొదటి రకం, ఎన్‌జీసీ 6240 రెండోది. ఒకదాని తర్వాత ఒకటిగా ఇవి ఒకే గెలాక్సీ జీవితంలో కూడా రావొచ్చు. నా మట్టుకు ఈ రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూడటమే ఈ విషయంలో అన్నిటికన్నా స్పష్టమైన పాఠ్యపుస్తకం.

చిట్టచివరి దశ ఎక్స్‌రేకు కూడా అందదు. బ్లాక్‌హోల్స్ ఒకదాని చుట్టూ ఒకటి కాంతి సంవత్సరం కంటే తక్కువ ఎడంలో తిరిగేటప్పుడు వాటిని విడదీసి చూడగల ఎక్స్‌రే అద్దం లేదు. ఆ దశలో అవి గురుత్వ తరంగాలు వదులుతాయి. 2023 జూన్‌లో అమెరికా, యూరప్, చైనా, ఆస్ట్రేలియా బృందాలతో పాటు, పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్‌ను వాడే భారత పల్సార్ బృందం (పల్సార్లంటే గడియారంలా క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే మృత నక్షత్రాలు) కూడా అలాంటి తరంగాల హోరుకు ఆధారాలున్నాయని ప్రకటించింది. ఆ బృందంలో హైదరాబాద్ ఐఐటీ వాళ్లూ ఉన్నారు. విశ్వమంతటా కలిసిపోతున్న బ్లాక్‌హోల్ జంటలన్నీ కలిపి చేసే హోరు అదని ఇప్పటికి ఎక్కువమంది అనుకుంటున్నది. అది ఎంత గట్టిగా ఉందన్నది, ఎన్ని గెలాక్సీలు ఢీకొని ఎన్ని జంటలు మిగిల్చాయన్న దాని మీదే ఆధారపడుతుంది. ఐదేళ్ల కోసం తయారుచేసి పంపిన చంద్ర ఇరవై అయిదేళ్లు దాటాక కూడా ఒక్కో చుక్క మీద గంటల కొద్దీ చూపు నిలిపి, ఫోటాన్లను ఒక్కొక్కటిగా ఏరుతూ ఆ జంటల లెక్కే రాస్తోంది.